నీళ్లు కలిపిన సీసా

ఈ ఉదయం మా అమ్మాయి ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా చేతికిస్తే, ఆ చల్లదనానికి పైడమ్మ గారు గుర్తొచ్చారు. రాజాంలో ఒక చిన్న ఆసుపత్రిలో రక్తం, మూత్రం పరీక్షలు చేసేవారు. అప్పుడు నాకు ఎనిమిదో నెల. చీరల కొట్లో పని. అక్కడ ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు కాబట్టి పగలంతా గుక్కెడు నీళ్లు కూడా తాగేవాళ్లం కాదు.

పరీక్షకని ఆవిడిచ్చిన చిన్న సీసాలో పట్టిన మూత్రం ముదురు పసుపుగా ఉంది, పైన నురగ. చూసి నాకే సిగ్గేసింది. ఇలాంటిది ఎలా ఇవ్వడమని సగం పారబోసి, కొళాయి నీళ్లు కలిపి ఎంచక్కా తేటగా చేసి పట్టుకెళ్లాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

పైడమ్మ గారు సీసా అందుకుని నా వైపు చూశారు.

“ఏటమ్మా, ఇంత సల్లగా ఉన్నాది? నీలు కలిపీసినావేటి?”

“రంగు బాగోలేదని...” నసిగాను.

“బాగుండడానికి ఇదేటి, మీ కొట్లో సీరేటి?” అని నవ్వేశారు. బెంచీ మీద మగవాళ్లు వింటున్నారని నేను చచ్చిపోతున్నాను. ఆవిడకు అదేమీ పట్టలేదు. “సూడమ్మా, ముదురు పసుపైతే నీలు సాల్లేదని సెప్తాది. ఎర్రగా వొస్తే ఇంకోటి సెప్తాది. నురగ కరక్కుండా నిలిసిపోతే మరోటి. నువ్వు దాని నోరు నొక్కీసినావంటే కడుపులో పిల్ల సంగతి నాకెవులు సెప్తారు?”

మళ్లీ పట్టించి పరీక్ష చేశారు. ఈసారి ఆవిడ ముఖంలో నవ్వు లేదు. మూత్రంలో ప్రోటీన్ పోతోందట. నా వాచిన కాళ్లు చూసి, చెయ్యి పట్టుకుని తనే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లారు. బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆ పూటే చేర్చుకున్నారు. ఇంకో వారం ఆగుంటే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదమయ్యేదని డాక్టరమ్మ తరువాత చెప్పింది. కొన్ని వారాల ముందే అయినా, మా అమ్మాయి కేరుమంటూ పుట్టింది.

పాపను చూపించడానికి వెళ్లేసరికి పైడమ్మ గారు వేరే ఊరు వెళ్లిపోయారు. ఒక్క దండమైనా పెట్టుకోలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. తిరిగి పనిలో చేరిన రోజున మాత్రం యజమాని ఎదుట నిలబడి, మాకు మరుగుదొడ్డి కావాలని గట్టిగానే అడిగాను. ఆయన మొహం తిప్పుకున్నాడు, కానీ కట్టించాడు.

మొన్న అమ్మాయికి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నేను నోరు తెరిచేలోపే, “మూత్రం మబ్బుగా వస్తన్నాది డాక్టరు గారూ, మంట కూడా ఉన్నాది” అని చెప్పేసింది. చుట్టూ మగవాళ్లున్నారు. దాని గొంతు ఏమాత్రం తగ్గలేదు. నా సిగ్గు వల్ల నాకు దక్కకుండా పోవలసిన పిల్ల అది. ఆ మాట వింటుంటే నాకు కడుపు నిండిపోయింది.