బాపు కార్డు మీది పై వరుస

కంఠేశ్వర్‌లో నేను పనిచేసే షాపులో పెళ్లి కార్డులు, చావు కార్డులు కంపోజ్ చేస్తాం. ఏ కార్డుకైనా పై వరుసలో దేవుడి పేరు ఉండాలి. కంప్యూటర్‌లో ఒక్కో పేరుకు ఒక్కో ఫైలు: వెంకటేశ్వర స్వామి, ఎల్లమ్మ తల్లి, యెహోవా, అల్లా, బోధన్ వైపు మరాఠీ వాళ్లకు విఠోబా. మనుషులతో మాట్లాడటం నాకు కష్టం. "పైన ఏ పేరు పెట్టాలి?" అన్న ఒక్క ప్రశ్న మాత్రం అలవాటైంది. కొత్త పేరు ఏదైనా వస్తే ఇంటికెళ్లి డైరీలో రాసుకునేదాన్ని. ఒక సర్దార్జీ వాహెగురు అని వేయించిన రోజు ఆ పేరును నాలుగైదు సార్లు రాసుకున్నాను.

బాపు, అంటే మా నాన్న, పోయినప్పుడు అదే ప్రశ్న మా ఇంట్లోకి వచ్చింది.

బాపు చెరకు ట్రాక్టరు నడిపేవాడు. వాళ్ల ఇంటి దేవుడు వేములవాడ రాజన్న; కార్డుల మీద రాజరాజేశ్వర స్వామి అని వేస్తాం. అవ్వది, అంటే మా అమ్మది, మాక్లూర్ వైపు మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. ఆదివారాలు బాపు అవ్వను చర్చి గేటు దాకా దింపి, బయట బండి మీదే కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. లోపలికి వెళ్లలేదు, ఆమెను వెళ్లొద్దనీ అనలేదు. శివరాత్రికి రాజన్న దగ్గరికి వెళ్లొచ్చేవాడు. మనసులో ఏ పేరు తలుచుకునేవాడో నేను ఎప్పుడూ అడగలేదు.

మూడో రోజు బాపు వాళ్ల అన్న, మా పెద్దబాపు, దినాల కార్డు రాయించడానికి కూర్చున్నాడు.

"పైన రాజన్న పేరు పెట్టు బిడ్డా."

అవ్వ గోడకు ఆనుకుని ఉంది. "యేసు ప్రభువు పేరు పెట్టుండ్రి బావా. పాణం పోయేటప్పుడు 'ప్రభువా' అన్నడు. నేనిన్న."

"గిన్నేండ్లు గేటు బయట కూసున్నోడు, పోయేటప్పుడు లోపలికొచ్చిండా? గా పేరుంటే మావోళ్లు కార్డు గూడ ముట్టరు. ఇంకెవరిన్నరు?"

"బిడ్డ ఉండె. అడుగుండ్రి."

పెద్దబాపు నా వైపు తిరిగాడు. "చెప్పు బిడ్డా, అన్నడా?"

ప్రాణం పోయిన మధ్యాహ్నం బాపు తల నా ఒళ్లో ఉంది. నీళ్లు అడిగాడు. రెండు చెంచాలు మింగాడు. మూడోది పెదవి మీంచి జారిపోయింది. ఏ పేరూ అనలేదు. అవ్వ అప్పుడు వాకిట్లో ఉంది.

అన్నాడంటే అబద్ధం. అనలేదంటే పెద్దబాపు ముందు అవ్వ అబద్ధమాడినట్టు. నేల చూస్తూ ఉండిపోయాను.

"సూసినవా, నీ బిడ్డే అంటలేదు," అని పెద్దబాపు లేచాడు.

అవ్వ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

మర్నాడు షాపులో ఆ కార్డు నేనే చేశాను. "నువ్వెందుకమ్మా, నేను జేస్త గద," అన్నాడు ఓనరు. వినలేదు. పైన రాజరాజేశ్వర స్వామి, కింద బాపు పేరు. తప్పులున్నాయేమోనని రెండుసార్లు చూశాను. లేవు.

దినాలకు అవ్వ తరఫు వాళ్లు ఇద్దరే వచ్చారు. అన్నం తినకుండా వెళ్లిపోయారు.

ఇదివరకు అవ్వ వంట చేస్తూ పైకే ప్రార్థన చేసేది. ప్రభువా అని పిలిచి బాపు గురించీ నా గురించీ చెప్పుకునేది. ఇప్పుడు పెదవులు మాత్రం కదుపుతుంది. నేను వంటింట్లో అడుగుపెడితే అదీ ఆపేస్తుంది.