అది ఒళ్లు కాదు, నీరు

మా పాప ఆద్యకు వెండి పట్టీలు పట్టని రోజు మేమిద్దరం సంబరపడ్డాం. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మేం మెల్‌బోర్న్ దగ్గర క్రెయిగీబర్న్‌లో ఉంటాం. పాపకు అప్పుడు ఏడాదిన్నర. ఒంటి నిండా ఎగ్జిమా, గోకి గోకి రక్తం వచ్చేది. జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టర్, అలర్జీ స్పెషలిస్ట్‌కు రాశారు. అపాయింట్‌మెంట్ ఎన్నో నెలల తర్వాతకు దొరికింది. అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోలేక మేమే డాక్టర్లమైపోయాం. ముందు పాలు మానిపించాం. దురద కాస్త తగ్గినట్టు అనిపించింది. ఇంకేముంది, పెరుగు, గుడ్డు, పప్పు, పల్లీలు ఒకదాని వెనక ఒకటి తీసేశాం. ఫోన్ చేసిన ప్రతివాళ్లూ తలా ఒకటి మానిపించమన్నారు, పెట్టమన్నవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి మిగిలింది గంజి, మెత్తటి అన్నం, సూపర్‌మార్కెట్‌లో దొరికే, బియ్యంతో చేసిన పాలలాంటి రైస్ డ్రింక్. డబ్బా మీద కాల్షియం అని పెద్ద అక్షరాలతో ఉంది కదా, పాలకు బదులు అది చాలనుకున్నాం.

మూడు నెలలు గడిచాక ఒకరోజు పట్టీల కొక్కెం పడలేదు. "చూసినవా, పిల్ల ఒళ్లు చేసింది," అని మురిసిపోయింది నా భార్య స్రవంతి. నేను ఫోటో తీసి అందరికీ పంపాను. బుగ్గలు వచ్చాయని అందరూ మెచ్చుకున్నారు. పాప మాత్రం నవ్వడం మానేసింది. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. జుట్టు రాగిరంగుకు తిరిగింది. ఆ వారమే సాక్స్ విప్పితే కాలి మీద లోతుగా గాడి పడి ఉంది. గంట గడిచినా పోలేదు. అప్పుడు భయమేసి ఎమర్జెన్సీకి పరుగెత్తాం.

అక్కడ డాక్టర్ పాప పాదాన్ని బొటనవేలితో నొక్కిపట్టి వదిలారు. గుంట అలాగే ఉండిపోయింది. రక్తపరీక్షలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ బాగా తక్కువ వచ్చింది. "దిస్ ఈజ్ సివియర్ మాల్‌న్యూట్రిషన్," అన్నారావిడ. తీవ్రమైన పోషకాహార లోపమట, ప్రొటీన్ అందక ఒంట్లో నీరు చేరిందట. "వీ ఫీడ్ హర్ ఫైవ్ టైమ్స్ ఎ డే!" అని అరిచాను. ఫ్రిజ్ నిండా తిండి ఉన్న ఇంట్లో మాల్‌న్యూట్రిషన్ ఏమిటి? సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అడ్మిట్ చేశాక నాకు చిరాకు ఇంకా పెరిగింది. ముక్కులోంచి ట్యూబ్ వేసి కొంచెం కొంచెంగా ఫీడ్ ఇస్తున్నారు. తిండి లేక ఇలా అయిందని వాళ్లే చెప్పి, మళ్లీ ఇంతేనా ఇవ్వడం? డాక్టర్ ఓపిగ్గా చెప్పారు. ఇలాంటి పిల్లల్లో షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు, జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరొచ్చు. ఒక్కసారిగా ఎక్కువ ఇస్తే రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి గుండే ఆగిపోవచ్చు. "రీఫీడింగ్ సిండ్రోమ్. సో వీ గో స్లో," అన్నారు. తల ఊపాను కానీ ఒక్క ముక్క నమ్మలేదు.

మా ఇళ్లల్లో ఎవరు నీరసపడినా ముందు గ్లూకోజ్ నీళ్లు కలుపుతారు. నేనూ అదే చేశాను. ఇండియన్ షాపులో పొడి కొని, చిక్కగా కలిపి పాప నీళ్ల సీసాలో పోశాను. నర్స్ అటు వెళ్లగానే పట్టించేవాణ్ణి. పాప గటగటా తాగేది. రెండు రోజులపాటు ఆ వార్డులో నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

మూడో రోజు పొద్దున మానిటర్ మోగడం మొదలైంది. పాప ఎగశ్వాస తీస్తోంది, గుండె లయ తప్పింది. ఫాస్ఫేట్, పొటాషియం రెండూ పడిపోయాయి. అంత తక్కువ ఫీడ్‌కు ఇలా ఎందుకైందో వాళ్లకు అర్థం కాలేదు. "హాజ్ షీ హ్యాడ్ ఎనీథింగ్ ఎల్స్?" అని డాక్టర్ నన్నే అడిగారు.

"నో," అన్నాను.

స్రవంతి సీసా వైపు చూసింది, నా వైపు చూసింది. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా? పిల్ల పోతది," అంది.

సీసా తీసి డాక్టర్ చేతికిచ్చి, ఉన్నదంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. "థ్యాంక్యూ ఫర్ టెల్లింగ్ మీ," అని ఆవిడ గబగబా ఫీడ్ తగ్గించి, ఫాస్ఫేట్, పొటాషియం డ్రిప్పులు పెట్టించారు. పాప నాలుగు రోజులు ఐసీయూలో ఉంది. నేను బయట కుర్చీలో కూర్చుని ఆ "నో"ను ఎన్నిసార్లు వెనక్కి తీసుకున్నానో.

తర్వాత వాపు దిగింది. నీరంతా పోయాక మిగిలినవి ఎముకలే. నేను ఫోటో తీసి గొప్పగా పంపిన పిల్ల లోపల అలా ఉందన్నమాట.

ఆద్యకు ఇప్పుడు మూడేళ్లు నిండాయి. పరీక్షల్లో అలర్జీ తేలింది ఒక్క గుడ్డుకే. పాలు, పప్పు ఏ పాపమూ చేయలేదు. "నో మోర్ పప్పు, డాడీ!" అని రోజూ నాతో పోట్లాట పెట్టుకుంటుంది.

ఆసుపత్రిలో పిల్లల నోట్లో మీరేం పెట్టినా, చెంచాడు నీళ్లే అయినా, వాళ్లు అడగకముందే చెప్పేయండి. పరువు గురించి తర్వాత చూసుకోవచ్చు. రెండేళ్లయినా నిండకముందు కొక్కెం పడని ఆ పట్టీలే మొన్న పుట్టినరోజుకు మళ్లీ తీసి పెట్టాం. మూడేళ్ల పిల్లకు సరిగ్గా సరిపోయాయి.