గుర్తు లేని రొట్టె

పెనం కాలిందో లేదో చూడ్డానికి చిటికెడు గోధుమపిండి చల్లడం నాకు అలవాటు. నిన్న మధ్యాహ్నం అలా చల్లగానే పిండి మాడిన వాసన గుప్పున లేచింది. ముందు గదిలో మా చర్చి సంఘ పెద్దలు ఇద్దరు కూర్చుని ఉన్నారు. పాటల దగ్గర మొదలైన తగువు ముదిరి, ఇక అందరూ ఒకే రొట్టె పంచుకునే ప్రభువు బల్ల కూడా వేరువేరుగా పెట్టుకుంటారట. ఒక జట్టుకి ఉదయం, ఇంకో జట్టుకి సాయంత్రం, రెండు రొట్టెలు కావాలట. నాకు ఒళ్లు మండింది. జవాబు చెప్పబోతుంటే రాహేలమ్మ పిన్ని గుర్తుకొచ్చింది.

పిన్ని అంటే చుట్టరికం ఏమీ లేదు. శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన ఒక రైల్వే గ్యాంగ్‌మన్ భార్య. భర్త పోయాక న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా గుడి వెనక గదిలో ఉండేది. గుడి ఊడవడం, ద్రాక్షరసం గిన్నె తోమడం, ప్రభువు బల్ల జరిగే ఆదివారానికి పులియని రొట్టె చెయ్యడం ఆవిడ పని. ఎవరూ ఆవిడకి అప్పగించలేదు, ఎవరూ వద్దనలేదు. నన్ను సండే స్కూలు టీచరుని చేసిందీ ఆవిడే. చేస్తావా అని అడగలేదు. కాలేజీ అయి ఇంట్లో ఉన్నదాన్ని పిలిచి తాళంచెవి చేతిలో పెట్టి, "పిల్లలొస్తారు, బెంచీలు తుడు" అంది, అంతే. ఎవరైనా పాట తప్పు పాడితే తలుపు దగ్గర చాప మీద కూర్చుని ఒక్క దగ్గు దగ్గేది. ఆ దగ్గుకి పాస్టరు గారు కూడా సర్దుకునేవారు.

రైల్వే సమ్మె నడిచిన వేసవి అది. వర్క్‌షాపు సైరను కూసినా సైకిళ్ల బారులు కదల్లేదు. ఫిట్టరు పని చేసే మా నాన్నను పోలీసులు తీసుకెళ్లారు. క్వార్టరు కూడా ఖాళీ చేయిస్తారని పుకారు. తలుపు చప్పుడైతే చాలు, అమ్మ వణికిపోయేది. మా గుడి సంఘ పెద్ద దేవదానం గారు మాత్రం రోజూ పనికి వెళ్లొస్తూనే ఉన్నారు. పోలీసులకి నాన్న పేరు చెప్పింది ఆయనేనని వాడంతా అనుకుంది. సమ్మెకి ద్రోహం చేసినవాణ్ణి బెంగాలీ వాళ్లు దలాల్ అనేవారు. ఆ మాట మా నోళ్లలోకీ వచ్చేసింది. ఎదురుపడితే వందనాలు చెప్పుకునే మనుషులు మొహాలు తిప్పుకున్నారు.

బల్ల ఆదివారం దగ్గరపడింది. రొట్టె పళ్లెం బెంచీల మధ్య తిప్పేది దేవదానం గారే. ఆ చేతిలోంచి మేము ఎలా తీసుకుంటాం? మాకు బల్ల వేరే పెట్టమని సమ్మె ఇళ్లవాళ్లు పట్టుబట్టారు. పాస్టరు గారు మెత్తని మనిషి, సరేనన్నారు. బల్ల ఒకసారి రెండయితే సంఘం మళ్లీ ఒకటి కాదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. అయినా నాకు రెండే కావాలి.

శనివారం మధ్యాహ్నం వెళ్లేసరికి పిన్ని ఒకే రొట్టెకి పిండి తడిపి ఉంచింది.

"రెండు కదా పిన్నీ?"

"నా సేత్తో నాను ఒకటే సేస్తాను. రెండోది కావాలంటే నువ్వు సెయ్యి."

పంతానికి నేనూ పిండి తడిపాను. రొట్టె ఒత్తి, ఆవిడ ఒత్తినదాని పక్కనే పీట మీద పెట్టాను. ఆవిడ రెండింటినీ తేరిపార చూసింది.

"బాగానే సేసినావు. ఇప్పుడు గుర్తెట్టు."

"ఏటి గుర్తు?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి. మీవోల్ది ఏదో, దేవదానంవోల్ది ఏదో రేపు తెలవొద్దా? గుర్తెట్టు."

వేలు చాపాను. ప్రభువు శరీరమని చెప్పి చేతిలో పెట్టే రొట్టె అది. దాని మీద ఎక్కడ గీయను? కోపంతోనే ఏడుపొచ్చింది.

"నాన్నని పట్టించినోడికి కూడా ఇందులోంచేనా?"

"పట్టించినాడని నీకు తెలుసా?"

"అందరూ అంటన్నారు."

"అందరూ అంటే ఎవులు?"

నా దగ్గర ఒక్క పేరూ లేదు. రెండు రొట్టెలూ కలిపి నేనే ఒక ముద్ద చేశాను. పిన్ని పెనం మీద పిండి చల్లింది.

ఆదివారం ఉదయం బల్ల మీద ఒక్క రొట్టె చూసి పాస్టరు గారి మొహం పాలిపోయింది. సమ్మె వాళ్లు ఒక పక్క, తక్కినవాళ్లు ఇంకో పక్క కూర్చున్నారు. దేవదానం గారు పళ్లెం పట్టుకుని మా బెంచీ దగ్గరికి వచ్చారు. అమ్మ తల దించేసుకుంది. పళ్లెం నా ముందుకొచ్చింది. గుడి మొత్తం నన్నే చూస్తోంది. నా చెయ్యి లేవలేదు.

వెనక తలుపు దగ్గర్నుంచి దగ్గు వినిపించింది.

ముక్క తుంచుకున్నాను. "వందనాలు బాబాయి గారూ" అన్నాను. ఆయన పళ్లెం అమ్మ ముందుకి జరిపారు. అమ్మ ఆరోజు తీసుకోలేదు. కొందరు లేచి వెళ్లిపోయారు కూడా. కానీ రెండో బల్ల జరగలేదు.

నాన్న విడుదలై వచ్చి గుమ్మంలోనే అడిగాడు. "ఆడి సేతిలోది తిన్నావంట?"

"తిన్నాను నాన్నా. రొట్టె ఒకటే ఉంది."

చెప్పులు విసురుగా విప్పి లోపలికి వెళ్లిపోయాడు. తర్వాతి బల్ల ఆదివారం మాత్రం వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. దేవదానం గారితో స్నేహం కలవలేదు. పేరు చెప్పిందెవరో ఈనాటికీ తెలియదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ మంటే. అయినా బల్ల ఆదివారాలు ఒక్కటీ మానలేదు. పిన్ని పోయిన దగ్గర్నుంచి రొట్టె నేనే చేస్తున్నాను.

నిన్న రెండు రొట్టెలు ఒత్తి, పీటతో సహా తెచ్చి పెద్దల ముందు పెట్టాను.

"చేశాను. ఏది ఎవరిదో గుర్తు పెట్టండి."

పెద్దాయన వేలు చాపాడు. పిండి దాకా వచ్చిన వేలు అక్కడే ఆగిపోయింది. పక్కాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

నేను ఒక్క దగ్గు దగ్గాను.