మా కొండకు నేనెంచిన ఎనిమిది జంతువులు

ఆ రోజుల్లో పళ్ళు తోముకోవడానికి కాక బొమ్మ కోసమే టూత్‌పేస్టు కొనే ఇళ్ళు ఉండేవి. పెట్టె తెరిస్తే బొటనవేలంత ప్లాస్టిక్ జంతువు ఒకటి రాలేది. మేమంతా పళ్ళపొడి వాళ్ళమే అయినా నా దగ్గర నలభై దాకా పోగయ్యాయి. మా నాయన పనిచేసే తిరుచానూరు లాడ్జిలో యాత్రికులు మరిచిపోయినవన్నీ నావే. మా బావ దగ్గర వందకు పైనే. మామకు తిరుపతిలో చిల్లర కొట్టు ఉండేది (ఆ కొట్లో పేస్టు కొన్న పిల్లలకు బొమ్మ ఎందుకు దొరికేది కాదో ఇప్పుడైనా అర్థమై ఉంటుంది). అందుకే దసరాకు అవ్వ ఇంట్లో బొమ్మల కొలువు పెట్టినప్పుడు, మెట్ల కింద మట్టితో తిరుమల కొండ కట్టి, ఆవాలు చల్లి మొలిపించి, అడవి చేసే హక్కు ఏటేటా బావదే. ఏడో తరగతిలో నాకు ఆ హక్కు కావాలనిపించింది. అవ్వ తీర్పు చెప్పింది: “ఇద్దురూ చెరో పక్క కట్టండి. పేరంటానికి వచ్చినోళ్ళు ఎవురి కాడ ఎక్కువసేపు ఉంటే వచ్చే ఏటి నుంచి అడివి వాళ్ళదే.”

నా బలమంతా గ్రంథాలయం. బడి వదలగానే అక్కడికి పోయి, అర్థమైనా కాకపోయినా అట్ట నుంచి అట్ట దాకా చదివేదాన్ని. ప్రతి జంతువుకూ తనదైన చోటు ఉంటుందని ఒక లావు పుస్తకంలో చదివాక నాకు కుదురు లేదు. మన కొండ మీద జీబ్రాకేం పని? ఆ సాయంత్రమే జంతువులన్నిటినీ చాప మీద నిలబెట్టి విచారణ మొదలుపెట్టాను. సింహం పోయింది, ఒంటె పోయింది, జిరాఫీ పోయింది. పులి దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయాను. చివరికి కొండ నుంచి మా వీధికి కట్టెలమోపు తెచ్చే ఆమెను (అందరికీ కట్టెలక్క) అడిగాను. “పులి యాడుండాది పాపా? చిరుత ఉండాది. మా మేకను ఎత్తుకపోయినాది,” అంది. పులీ పోయింది. ఆరు మిగిలాయి. వెళ్ళగొట్టినవి బావకిచ్చి, ఒక ఎలుగుబంటినీ ఒక ముళ్ళపందినీ తీసుకున్నాను. “సింహమిచ్చి ముళ్ళపందిని తీసుకుంటావా? పిచ్చి పట్టిందేమే నీకు?” అన్నాడు బావ. పుస్తకాలు చదివినవాళ్ళు నవ్వే నవ్వొకటి నవ్వాను. అమ్మ మాత్రం, “ఉండేదంతా వాడికి దోచిపెట్టి, ఇంక అడివిలో నువ్వు కూసుంటావా?” అంది.

రెండు రోజులు నా కొండ ముందు ఎవరూ ఆగలేదు. “అబ్బా, ఎన్ని బొమ్మలో!” అంటూ అందరూ బావ వైపే. అక్కడ కాలు మోపే చోటు లేదు. తిరుమల మెట్లు పెంగ్విన్లు ఎక్కుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, పుస్తకం మీద కోపమూ వచ్చింది. మూడోరోజు కట్టెలక్క తాంబూలానికి వచ్చి నా కొండ ముందు గొంతుక్కూర్చుంది. “ఓయమ్మో, ఎలుగ్గొడ్డు! తేనెపట్టు కాడ ఇదీ నేనూ ఎదురుపడినాము. నేనిట్ల ఉరికితే అదట్ల ఉరికినాది!” పేరంటాళ్ళు ఒక్కొక్కరే చుట్టూ చతికిలబడ్డారు. ముళ్ళపందికి ఒక కథ, దుప్పికి ఒక కథ, ఉడుతకు రెండు. గుగ్గిళ్ళు అయిపోయి అవ్వ మళ్ళీ శనగలు పొయ్యి మీద పెట్టింది. ఎవరో బావ జిరాఫీని చూపించి, “మరి ఆ మెడబారుదాన్ని చూసినావా?” అన్నారు.

“అది ఉండింటే నేను కట్టెలకే పోయుండను తల్లీ!”

ఇల్లంతా నవ్వు. బావ జిరాఫీని తీసి జేబులో పెట్టుకున్నాడు. అవ్వ గరిటె పట్టుకునే వచ్చి, “ఇంక సెప్పేదేముండాది? అడివి పాపదే!” అంది.

నెలరోజులు నా కాళ్ళు నేల మీద ఆనలేదు. కనిపించిన ప్రతివాళ్ళకూ ఎంపిక గురించి ఉపన్యాసమిచ్చాను (వాళ్ళు కూర్చున్నది కట్టెలక్క మాటల కోసమని ఒప్పుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది). ఇంకొకటీ ఒప్పుకోవాలి. సంచిలో పిల్లను పెట్టుకున్న ఎర్ర కంగారూను బావకు ఇవ్వడానికి నాకు చేతులు రాలేదు. కొండ వెనక వైపు గుహ కోసమని ఒక సందు వదిలాను; ఆ తొమ్మిది రోజులూ అది ఆ గుహలోనే ఉంది. రోజూ దీపం పెట్టే వేళకు, ఎవరూ చూడకుండా వంగి దాన్ని పలకరించి వచ్చేదాన్ని. పులికే చోటివ్వనంత నిక్కచ్చి అయిన ఆ ఏడో తరగతి పిల్ల అలా వంగడం తలుచుకుంటే, ఇప్పుడు ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది.