తిరగేసి చూసే మామగారు

ఏ వస్తువుకైనా అసలైనది ఒక్కటే ఉంటుందనీ, తక్కినవన్నీ దాన్ని చూసి చేసిన నకళ్లనీ లోకం నమ్ముతుంది. ఆ నమ్మకం నిజమో కాదో తేల్చుకోవడానికే పుట్టినట్టు, చిక్కడపల్లి రామచంద్రరావుగారు చేతికందిన ప్రతి వస్తువునూ తిరగేసి ముందు దాని అడుగు చూసేవారు. ముఖం సంగతి తరవాత. అడుగున ఏ దేశం పేరుందో, ఏ ఊరి పేరుందో చదివి, "ఊఁ" అన్న తరవాతే ఆ వస్తువు ఈ లోకంలో ఉన్నట్టు ఒప్పుకునేవారు.

ఈ సంగతి ఆయన కోడలు మహేశ్వరికి పెళ్లికి ముందే తెలిసింది. ఆమెది జనగామ దగ్గర పల్లె. అశోక్ నగర్‌లో హాస్టల్లో ఉండి సర్కారు పరీక్షలకు చదువుకునే రోజుల్లో, అదే కోచింగ్ సెంటర్లో పరిచయమైన కృష్ణచైతన్య ఒకనాడు తండ్రిని టీకొట్టుకు తీసుకొచ్చాడు. ఏ ఊరంటారో, ఎవరి పిల్లవంటారో, ఏలూరు నుంచి వచ్చి స్థిరపడ్డ తమ ఇంటికి ఈ సంబంధం ఎందుకంటారో అని ఆమె జవాబులన్నీ బట్టీపట్టుకుని వచ్చింది. ఆయన ఒక్క ప్రశ్నా అడగలేదు. టీ రాగానే సాసరు తిరగేశారు. కప్పు ఇంకా దాని మీదే ఉందన్న విషయం ఆ తరవాత గుర్తొచ్చింది.

"అయ్యో సార్, నా పుస్తకం!"

"ఖుర్జా," అన్నారాయన, అడుగునున్న ఊరి పేరు చదివి తృప్తిగా. "బాగుంది."

బాగున్నది సాసరో, పిల్లో కన్నకొడుక్కి కూడా అర్థం కాలేదు. పెళ్లి మాత్రం జరిగింది. ఆ పెళ్లిలో ఎవరో ఇచ్చిన వెండి కుంకుమభరిణెను ఆయన మూత తీసి మరీ తిరగేయడంతో, పురోహితుడు తక్కిన మంత్రాలన్నీ ఎర్రటి పంచెతోనే చదివాడు.

బీమా ఆఫీసులో పదవీవిరమణ చేశాక ఆయన ధ్యాసంతా అగ్గిపెట్టెంత బొమ్మకార్ల మీదికి మళ్లింది. వాటిలోనూ ఒకే రకం ఎర్రకారు నాలుగుసార్లు ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో మహేశ్వరి ఉండబట్టలేక అడిగింది.

"మామయ్యా, గీ నాలుగు ఒక్కటే కారు గదా? ఒక్కటి చాలదా?"

"తిరగేసి చూడమ్మా."

చూసింది. హాంకాంగ్, మలేషియా, థాయ్‌లాండ్, ఇండియా.

"అయితే ఏంది?"

"అచ్చు ఒక్కటే. మొదట హాంకాంగులో పోశారు. అక్కడ కూలిరేట్లు పెరిగితే అచ్చును ఓడెక్కించి మలేషియా పంపారు. అక్కడ దొరికిన ఎరుపు వేరు. థాయ్‌లాండులో లోహపు అడుగు తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టారు. మన దగ్గరికొచ్చేసరికి అచ్చు అరిగిపోయింది, తలుపు గీత కంటికి ఆనదు. చక్రాలంటావా, గోదాములో వేరే బండివి మిగిలితే అవే తొడిగారు."

"చక్రాలు పిల్లలు మింగుతరని, చట్టం కోసం మార్చిన్రని మొన్న మీరే చెప్పిన్రు!"

"అదీ నిజమేనమ్మా."

"రంగు గూడ చట్టమే అన్నరు."

"సీసం కలిసిన రంగు ఒక దేశం వద్దంది, ఇంకో దేశం పట్టించుకోలేదు. అదీ నిజమే."

"మరి గిండ్ల అసలుది ఏది?"

రామచంద్రరావుగారు నాలుగింటినీ మార్చిమార్చి చూశారు. "అదే నాకూ అర్థం కావడం లేదు. హాంకాంగుదే అసలనుకుందామంటే, అదీ ఏదో రోడ్డు మీద తిరిగిన నిజం కారుకు నకలేగా! చూసేకొద్దీ తికమక పెరుగుతోంది."

ఏ పరీక్షలోనూ మహేశ్వరి ఇంత పరేషాన్ కాలేదు.

దసరాకు అత్తగారు రత్నమాల హాల్లో గోడవారన మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టేవారు. హాలు నడుమ గుండ్రబల్ల మాత్రం మామగారిది. ఏడాదంతా పెట్టెలో ఉండే కార్లు ఆ నవరాత్రుల్లోనే బయటి గాలి పీల్చేవి. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లు శనగలు పుచ్చుకుని, ఒకే కారు నాలుగుసార్లు ఎందుకుందో తేలక బిత్తరపోయి వెళ్లేవారు.

మహేశ్వరికి ఒక్కటే వింతగా తోచింది. ఉప్పుజాడీ నుంచి ఉయ్యాల దాకా తిరగేసే ఈ మనిషి కొలువులోని బొమ్మల్ని మాత్రం తాకడు. ఆ రోగం ఆమెకూ కాస్త అంటింది కాబట్టి, బొమ్మలు సర్దుతూ పైమెట్టు మీది రాణిని తనే తిరగేసింది.

"వద్దు!" అన్నారు మామగారు, వంటింట్లోకి భయంగా చూస్తూ.

ఆలస్యమైపోయింది. అమ్మమ్మ ఇచ్చిన కొండపల్లి రాణి అని రత్నమాల, ఆమె అక్కగారూ ఊరంతా చెప్పుకునే ఆ బొమ్మ అడుగున, మాసిన నీలిముద్రలో నిర్మల్ అని ఉంది. జనగామ పిల్లకు నిర్మల్ ఎక్కడుందో ఒకరు చెప్పనక్కర్లేదు.

"మీకు ఎర్కేనా?"

"పెళ్లయిన కొత్తలోనే చూశాను. అమ్మమ్మగారు ఇచ్చారు, అది నిజం. ఎక్కడ కొన్నారో ఆవిడ చెప్పలేదు. ఆవిడ చెప్పనిది నేనెందుకమ్మా చెప్పడం?"

సద్దుల బతుకమ్మ నాటికి మహేశ్వరి తన హాస్టల్ స్నేహితురాళ్లను పిలుచుకుంది. అత్తవారింట ఆమెకది మొదటి బతుకమ్మ. పరీక్షలని ఊరికి పోలేని ఆ పిల్లలకు వేరే ఇల్లు లేదు. కింద పార్కింగులో ఆడుకోవాలనుకున్నారు. సాయంత్రానికి కుండపోత వాన. పార్కింగులో మోకాలిలోతు నీళ్లు. తంగేడు, గునుగు పూల బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని పిల్లలంతా మెట్ల మీద తడుస్తూ నిలబడ్డారు.

హాల్లో నారాయణగూడ పెద్దమ్మ, అంటే రత్నమాల అక్కగారు, పేరంటానికి వచ్చి కూర్చుని ఉంది. హాల్లో ఆడుకుంటామని మహేశ్వరి అడగగానే అందుకుంది.

"ఇదేం చోద్యమే రత్నం! కొలువు ముందర బతుకమ్మా? మన ఇంటావంటా ఉందా? అమ్మమ్మగారి కొండపల్లి రాణి ఎదురుగా ఈ పూలగుట్టలేమిటి? అసలు పద్ధతంటూ ఒకటి ఏడుస్తుంది కదా!"

రత్నమాలకు కోడలంటే ఇష్టం, అక్కగారంటే భయం. "చోటు కూడా లేదు కదమ్మా, బల్లుంది..." అని కోడలితో నసిగింది. ఆ బల్ల చూడడానికి అంబర్‌పేట్ నుంచి కిషన్ రావు అనే తోటి కార్ల పిచ్చాయన స్నేహితులతో వస్తున్నాడు. ఇంకో కారు దొరికిందని రామచంద్రరావుగారే కబురంపారు.

"సరే అత్తమ్మా, హాస్టల్ వరండాల ఆడుకుంటం," అంది మహేశ్వరి.

"గింత వానల ఎట్ల పోదమే? పూలన్ని రాలిపోతయి!" అంది మెట్ల మీంచి ఒక పిల్ల.

అప్పుడు రామచంద్రరావుగారు లేచి కొలువు దగ్గరికి నడిచారు. ఆయన చెయ్యి పైమెట్టు మీది రాణి దాకా వెళ్లింది. ఒక్కసారి తిరగేస్తే చాలు, పెద్దమ్మ మళ్లీ నోరెత్తదు. తిరగేయాలనే ఆ క్షణంలో మహేశ్వరి కోరుకుంది.

ఆయన ఒరిగివున్న రాణిని నిటారుగా నిలబెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. బల్ల దగ్గరికి వచ్చి కార్లన్నీ పెట్టెలో సర్దారు.

"అక్కయ్యగారూ, ఆ కొస పట్టుకోండి. బరువు."

"నేనా?" అంటూనే పెద్దమ్మ, ఎందుకో తనకే తెలియకుండా, బల్ల పట్టుకుని పడకగది దాకా మోసింది. తిరిగొచ్చేసరికి హాలు నడుమ బతుకమ్మలు కూర్చున్నాయి. పిల్లలు చప్పట్లు అందుకున్నారు. ఏం జరిగిందో తేల్చుకోలేక ఆవిడ కుర్చీలో కూలబడింది.

కాసేపటికి తలుపులో నిలువునా తడిసిన కిషన్ రావు.

"రావు సాబ్, బండ్లేవి? గింత వానల ముగ్గురిని గుంజుకొచ్చిన!"

"ఇవాళ లేవండీ. పూలున్నాయి, కూర్చోండి."

దీన్ని త్యాగమనడానికి తొందరపడనక్కర్లేదు. పెట్టెలో పెట్టిన కార్లు ఎక్కడికీ పోలేదు. ఎదుటి మనిషి నోరు మూయించగల మాట ఆయన దగ్గర ఉంది. అది అనలేదు. తన బల్ల తీయించారు. పిల్లలు ఆడినంతసేపూ అంబర్‌పేట్ వాళ్లతో పాటు గోడకానుకుని నిలబడి, బతుకమ్మ ప్రసాదం సత్తుపిండి తిన్నారు.