నలుగురం, ఒక్క ‘పైడి’

పొట్లం విప్పగానే ఆఫీసంతా ఎండు మెత్తళ్ళ చేపల వాసన కొట్టింది. పక్క సీటాయన ముక్కు మూసుకుని కిటికీ తెరిచాడు. మూసుకోనీ, నాకేం! శ్రీకాకుళం బస్సులో ఆ పొట్లం పంపింది పైడమ్మక్క. ఉద్యోగం చాలించి సముద్రం ఒడ్డున ఉన్న తన ఊరికి వెళ్ళిపోయినా, నేను సరిగ్గా తింటున్నానో లేదో అన్న అనుమానం మాత్రం ఆవిడ మానలేదు. ఆ వాసన తగిలితే నాకు ఆకలి కంటే ముందు పాత సంగతొకటి గుర్తొస్తుంది.

విజయనగరంలో మా ఆఫీసంటే మేడ మీద రెండు గదులు. తీరం వెంట ఉన్న ఊళ్ళకు గాలి హెచ్చరికలు పంపే కంప్యూటర్ ప్రోగ్రామ్ మాది. గాలి ముదిరేలా ఉంటే ఆ ఊరి మైకులో ‘పడవలు దించకండి’ అని వినపడాలి. మా అందరికీ పెద్ద పైడమ్మక్క. చేపల వేట మీద బతికిన ఇంటి పిల్ల కాబట్టి ఆ మైకు విలువ ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ కాక పైడిరాజు, పైడినాయుడు ఉండేవారు. పైడితల్లమ్మ చల్లగా చూసే ఊరు కదా, పేర్లకు మాత్రం కరువు! ముగ్గురూ ‘పైడి’ అన్న ఒకే లాగిన్‌తో పనిచేసేవారు. చేరిన రోజున నాకు వేరే లాగిన్ కావాలని అడిగితే, “ఎందుకే? ఇయ్యాల్టి నుంచి నువ్వూ పైడివే” అంది అక్క.

రెండో నెలలో ఊళ్ళ జాబితాలో ఖాళీ వరుస ఒకటి కనపడితే తీసేశాను. దాంతో కింది ఊళ్ళన్నీ ఒక మెట్టు పైకి జరిగి, ఒక ఊరికి పోవాల్సిన హెచ్చరిక పక్క ఊరికి పోయింది. అది అందని ఊరి పడవలు వేటకు వెళ్ళిపోయాయి. ఆ తల్లి దయ, మధ్యాహ్నానికి అందరూ ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. వలలు పోయాయి. పైడమ్మక్క బస్సెక్కి ఆ ఊరెళ్ళి తిట్లన్నీ తినొచ్చింది. ఎవరు చేశారని ఆఫీసులో అడగలేదు. నేనూ చెప్పలేదు. కంప్యూటర్లో ఆ మార్పు పక్కన ఉన్న పేరు పైడి. ఛీ, ఎంత పిరికిదాన్ని!

ఏళ్ళు గడిచాయి. ఎవరి లాగిన్ వారికి వచ్చింది. ప్రోగ్రామ్‌లో ఎవరు ఏది మార్చినా, ఎందుకు మార్చామో ఒక ముక్క రాసి దాచేవాళ్ళం. ఆ పాత పద్ధతి వదిలి, అదే పని చేసే గిట్ అన్న కొత్తదానికి మారాల్సి వచ్చింది. ఆ పని నా మీద పడింది.

“ఇవాళ నడుస్తున్న ప్రోగ్రామ్ ఒక్కటీ తీసుకుంటే చాలక్కా. పాత చెత్తంతా ఎందుకు?” అన్నాను. పాత మెషిన్‌తో పాటు నా తప్పూ పోతుందని నా ఎత్తు.

“సెత్తేటే? వరుసలు జరక్కుండా తనిఖీ ఎందుకెట్టినామో రేపొచ్చినోల్లకి ఎవలు సెప్తారు? దండగనుకొని పీకీస్తారు. మళ్ళీ పడవలెల్తాయి. మొత్తం ఉన్నదున్నట్టు మిర్రర్ సెయ్యి. ఒక్క ముక్క రాలకూడదు.”

అక్కడితో అయిందా? గిట్ ప్రతి మార్పు పక్కనా అసలు మనిషి పేరు అడుగుతుంది. ఉన్నది ఒక్క పైడి, రాసింది నలుగురం. అక్క నా పక్కన కుర్చీ వేసుకుని తొలి ఏళ్ళ రాతలన్నీ చదువుతూ మనుషుల్ని పట్టేసింది. “‘సర్దినాను’. ఇది నాయుడుదే. ‘మళ్ళీ సెడిపోనాది, నా కర్మ’. రాజుగాడు కాకపోతే ఇంకెవలు?” నేను నవ్వుతూ పేర్లెక్కిస్తున్నాను గానీ కింద రాబోయేదేమిటో నాకు తెలుసు.

రానే వచ్చింది. ‘ఖాళీ వరుస తొలగించడమైనది.’

“ఇదెవల్ది?”

ఇంకొకరి పేరు రాసేస్తే అయిపోయేది. “నాదక్కా,” అన్నాను. “ఆరోజు తిట్లు తినాల్సింది నేను.” ఏడుపు ఆగలేదు.

“నా తల్లే! ‘తొలగించడమైనది’ అని మా పైడోల్లం ఏ జనమలో రాసినామే? బొబ్బిల్లో మీ అయ్య బట్టల కొట్టు బోర్డులాగున్నాది. ఆరోజే తెలుసు నాకు.”

“మరి అడగలేదేం?”

“అడిగితే ఉద్యోగం మానీసి పోదువు. ముందు కింద సదువు.”

కింద అదే రోజు సాయంత్రం అక్క రాసిన ముక్క ఉంది. ‘వరుస సర్దినాను. తనిఖీ ఎట్టినాను, ఎవలూ తియ్యకండి. గుంట బయపడిపోనాది. దాన్ని ఎవలూ ఏటీ అనకండి.’

ఆ గుంట, అంటే పిల్ల, నేనే. ఆ పేజీ వైపు పోవడానికే జంకి అన్నేళ్ళూ నేను చదవని మాట అది. చదవాల్సిన రాజు, నాయుడు ఇద్దరూ ఆరోజే చదివారు, ఒక్కరూ నోరెత్తలేదు. పాత చెత్త అని నేను పారబోయబోయింది దాన్నే.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఒక్క ముక్క రాలలేదు. ఆ తప్పు పక్కన ఇప్పుడు నా పేరు ఇంటిపేరుతో సహా ఉంది. గుండె మీది బండ దిగిపోయింది. ఆ పూట ఇద్దరు మనుషుల అన్నం తిన్నాను.

ఇప్పుడు అక్క కుర్చీలో నేనున్నాను. నిన్న కొత్తమ్మాయి ఒకతె ఏదో చెడగొట్టి, తల దించుకుని కూర్చుంది. నేనే సరిచేసి, కింద ఎందుకో రాశాను. రాశాక చూసుకుంటే నా బోర్డు తెలుగు లేదు. ‘గుంటని ఎవలూ ఏటీ అనకండి’ అని ఉంది. పక్క సీటాయన అది చదివాడు. ఆ అమ్మాయి వైపు చూశాడు. ఏమీ అనలేదు.