సార్ గుడ్డు ఉబ్బలేదు

శంషాబాద్ దగ్గర మా ఊరి సర్కారు బడిలో మధ్యాహ్నం వంట నాదే. నా బిడ్డ కావ్య అక్కడే ఎనిమిది చదివేది. పోయిన ఏడాది గుడ్డు ప్రయోగం చేస్తున్న సైన్సు సార్‌ను ఏదో సందేహం అడిగింది. "నీకు సైన్సెందుకే? మీ అమ్మ లెక్క గుడ్లు ఉడకబెట్టుడు నేర్చుకో" అని సార్ అందరి ముందు నవ్వాడు. బిడ్డ ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ వానాకాలమే డెంగీ జ్వరంతో పోయింది.

నిన్న సార్ మళ్లీ సిర్కాలో, అదే వెనిగర్‌లో, పెంకు కరిగించిన రెండు గుడ్లు తెచ్చాడు. ఉప్పునీళ్లలో వేసింది ముడుచుకోవాలి, మంచినీళ్లలో వేసింది ఉబ్బాలి. మంచినీళ్లు నన్ను తెమ్మన్నాడు. వాటిలో పిడికెడు దొడ్డుప్పు వేసి కరిగేదాకా తిప్పి ఇచ్చాను.

ఈ రోజు తనిఖీకి వచ్చిన పెద్దసార్ల ముందు చూపిస్తే రెండు గుడ్లూ ముడుచుకుపోయి ఉన్నాయి. పిల్లలు ఒకటే నవ్వు.

"ఏందమ్మా, నీళ్లల్ల ఏమన్న కలిపినవా?" అన్నాడు సార్.

"నాకేమెరుక సార్? మా కావ్య ఉంటే చెప్తుండె" అన్నాను.

ఇగ సార్ రెండు గుడ్లూ తీసి చెత్తబుట్టలో వేశాడు.

ఇంటికొచ్చి చాలా రోజులకు కడుపునిండా అన్నం తిన్నాను. తప్పు చేశానంటారా? అనండి. సార్ ఇంకోసారి నీళ్లడిగితే ఇంకో పిడికెడు ఎక్కువే వేస్తాను.